నూటికి నూరు మార్కుల క్యారేజీ

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ వ్యవహారం మొదలైన రోజున చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఉండటమేమిటి, మొదట కొట్టిందే నేను. పక్కన కూర్చున్న తల్లులు నన్ను చూసి కొట్టారు.

ఆ రోజు మా అమ్మాయి ప్రణుతి చదివే స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం. ప్రణుతి మూడో తరగతి. స్కూలు పేరు చెప్పను. చెబితే దీన్ని కూడా ప్రకటనగా వాడుకుంటారు. స్కూలు యజమాని, అంటే కరస్పాండెంట్ చక్రధర్‌గారు, అప్పుడే బెంగుళూరులో రెండు రోజుల పోషకాహార సదస్సుకు వెళ్ళి వచ్చారు. ఆయన ఎక్కడికి వెళ్ళి వచ్చినా మా పిల్లలకు ఏదో ఒకటి అంటుకుంటుంది. పోయినేడు మైసూరు వెళ్ళివస్తే పిల్లలందరికీ ధ్యానం వచ్చింది. అంతకు ముందేడు సింగపూరు వెళ్ళివస్తే మెడలో టైల రంగు మారింది.

"మన పిల్లలు ఏం తింటున్నారు?" అని మైకులో అడిగి, జవాబు కోసం ఆగకుండా, "చెత్త!" అన్నారు చక్రధర్‌గారు. తెర మీద చిప్స్ ప్యాకెట్టు బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత. "ఇకమీదట మన స్కూల్లో ఇంటి వంట మాత్రమే. అమ్మ చేతి వంట. ఆరోగ్యవంతమైన వంట. ప్రతి క్యారేజీ ఒక పోషక దేవాలయం కావాలి!"

నేను చప్పట్లు కొట్టింది అక్కడే.

ఎందుకు కొట్టానో కూడా చెబుతాను. పొద్దున్న అయిదింటికి లేచి వంట మొదలుపెట్టే మనిషిని నేను. పప్పులో మునగాకు వేస్తాను, ఇడ్లీ పిండిలో రాగులు కలుపుతాను, నూనె గరిటె చేత్తో పట్టుకున్నప్పుడు దేవుణ్ణి తలుచుకుంటాను. అలాంటి నేను చేసిన పెసరట్టు మా ప్రణుతి ఇచ్చేసి, ముందు బెంచీ పిల్ల దగ్గర నాలుగు చిప్స్ ముక్కలు పుచ్చుకుంటోందని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. కాబట్టి చక్రధర్‌గారు ఆ క్షణాన నా కంటికి దేవుడిలా కనిపించారు. మనిషి కంటికి అప్పుడప్పుడూ అలా అవుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ప్రణుతి అన్నీ తింటుంది, కరివేపాకు తప్ప. క్యారేజీ ఊడ్చినట్టు తినేసి, కరివేపాకు రెబ్బలు మాత్రం ఏరి మూతకు అంటించి తెచ్చేది. "కరివేపాకు తినకపోతే జుట్టెలా పెరుగుద్దే?" అని మా అత్తయ్య సుభద్రమ్మగారు రోజూ కేకలేసేవారు. నేను మాత్రం ఏమీ అనేదాన్ని కాదు. సాయంత్రం మూత తీసి, ఆ నాలుగు ఆకులూ చూస్తే చాలు, పిల్ల కడుపు నిండిందని నాకు తెలిసిపోయేది.

మొదటి సర్క్యులర్ సోమవారం వాట్సాప్‌లో వచ్చింది. "గౌరవనీయులైన మాతృమూర్తులకు తెలియజేయునది ఏమనగా, సంపూర్ణ పోషక క్యారేజీ పథకంలో భాగముగా ప్రతి క్యారేజీ యందు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు, ఊదా అను అయిదు వర్ణములు విధిగా ఉండవలెను."

నాలుగు రంగులు తేలిగ్గానే దొరికాయి. ఊదా దగ్గర ఊరంతా ఆగిపోయింది. బీట్‌రూట్ ఊదానా ఎరుపా అని తల్లుల గ్రూపులో రెండు రోజులు వాదనలు జరిగాయి. వంకాయ సంగతి తేల్చమని నేనే స్కూలుకు రాశాను. మూడో రోజున తీర్పు వచ్చింది. "వంకాయ బాహ్యముగా ఊదా, అంతర్గతముగా తెలుపు అయినందున, తొక్క పైకి కనబడునట్లు అమర్చిన యెడల మాత్రమే ఊదాగా పరిగణించబడును. గుత్తి వంకాయ అనుమతించబడును. వంకాయ పచ్చడి అనుమతించబడదు."

పెరుగన్నాన్ని ఏకవర్ణ ఆహారమని కొట్టేశారు. మా అత్తయ్యగారికి కోపం వచ్చింది అక్కడే. "పెరుగన్నం తినకపోతే, భోజనం అయిపోయిందని కడుపుకెలా తెలుసుద్దమ్మా?" అన్నారు. ఆ ప్రశ్న నేను స్కూలుకు పంపలేదు. పంపితే దానిక్కూడా తీర్పు వస్తుందని భయం.

తర్వాత చీటీ వచ్చింది. క్యారేజీ మూత మీద అంటించాలి. వంటకం పేరు, మాంసకృత్తులు ఎన్ని గ్రాములు, పీచు ఎన్ని గ్రాములు, ఉప్పు ఎంత, తయారైన సమయం, తయారుచేసినవారి సంతకం. ఉప్పు దగ్గర నేను 'తగినంత' అని రాశాను. మా అమ్మ అలాగే చెప్పింది, వాళ్ళమ్మ ఆమెకు అలాగే చెప్పింది. చీటీ ఎర్ర సిరాతో తిరిగి వచ్చింది. "తగినంత అనునది ప్రామాణిక కొలత కాదు. తల్లి గమనించగలరు."

విద్యుత్ సబ్‌స్టేషన్లో పనిచేసే మా ఆయన ఆ చీటీని ఇటూ అటూ తిప్పి చూశారు. "ట్రాన్స్‌ఫార్మర్‌కి కూడా మేం ఇన్ని వివరాలు రాయం" అని పేపరు చదువుకోవడంలో పడిపోయారు.

ఇంతవరకూ నేను భరించాను. భరించడమే కాదు, లోపల్లోపల కాస్త గర్వంగా కూడా ఉంది. నా గుత్తి వంకాయలు నీటుగా, తొక్క పైకి తేలి, మెరుస్తూ ఉండేవి. మార్కులు వేస్తే మొదటిది మన ప్రణుతికే అనుకున్నాను. ఆ పాపం ఊరికే పోతుందా?

మార్కులు వేయడం మొదలైంది.

పోషక పరిశీలనకు డ్రిల్లు మాస్టారు గవర్రాజుగారిని ఇన్‌చార్జిగా నియమించారు. మైదానంలో కొత్త భవనం కడుతుండటంతో ఆయనకు పనిలేక, ఈల మెడలో అలాగే వేలాడుతోంది. మధ్యాహ్నం గంట కొట్టగానే మూడు వందల ఎనభై ఆరు మంది పిల్లలు క్యారేజీలు పట్టుకుని వరసగా నిలబడాలి. ఈల. మూత తీయాలి. గవర్రాజుగారు మూరెడు దూరం నుంచి చూస్తారు. పరిశుభ్రత దృష్ట్యా పరిశీలకులు ఆహారాన్ని తాకరాదని ఏడో నియమం. ఒక టీచరమ్మ తూకం వేస్తుంది, ఇంకో టీచరమ్మ రంగులు లెక్కపెడుతుంది, గవర్రాజుగారు మార్కులు చెబుతారు. ఈల. మూత పెట్టాలి. తర్వాతి వాళ్ళు ముందుకు రావాలి.

భోజనం గంట నలభై నిమిషాలు.

మొదటి రోజు సాయంత్రం ప్రణుతి ఆటో దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మా, నాకు స్టారొచ్చింది!" నుదుటి మీద బంగారు రంగు నక్షత్రం అంటించి ఉంది. నేను మురిసిపోయి క్యారేజీ అందుకున్నాను. బరువుగా ఉంది.

మూత తీశాను. గుత్తి వంకాయలు పొద్దున్న నేనెలా పేర్చానో అలాగే ఉన్నాయి. అన్నం గడ్డకట్టింది. పప్పు మీద తెట్టు. మూతకు ఒక్క కరివేపాకు రెబ్బ కూడా లేదు.

"తినలేదేం తల్లీ?"

"మా వరస వచ్చేసరికి బెల్లు కొట్టేశారమ్మా."

"ఆకలెయ్యలేదా?"

"ఏసింది. సోషల్ పిరియడ్లో బాగా ఏసింది. తర్వాత పోయింది" అని నక్షత్రం ఊడిపోకుండా చేత్తో అదుముకుంది.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అప్పటికప్పుడు అన్నం వేడిచేసి, పప్పు కలిపి ముద్దలు పెట్టాను. ఒక్క రోజు ఆలస్యం, రేపు సర్దుకుంటుందిలే అనుకున్నాను. మర్నాడు సర్దుకుంది. వరస తిరగేశారు, మా పిల్ల మొదట్లో వచ్చింది, సగం తిన్నది. ఆ మర్నాడు సర్క్యులర్ వచ్చింది.

"వరసలో ముందున్న విద్యార్థులు భుజించుట, వెనుకనున్న విద్యార్థులు భుజించకపోవుట వివక్షకు దారితీయుచున్నట్లు యాజమాన్యము దృష్టికి వచ్చినది. సమానత్వ సూత్రమును అనుసరించి, ఇకపై పరిశీలించబడిన ప్రతి క్యారేజీకి ముద్ర వేయబడును. ముద్ర చెక్కుచెదరని స్థితిలో క్యారేజీ ఇంటికి చేరవలెను. చేరినట్లు తల్లి సంతకం చేయవలెను."

అంటే ఎవరూ తినకూడదు. రెండుసార్లు చదువుకున్నాను. ఎలా చదివినా అదే అర్థం.

మర్నాడు స్కూలుకు వెళ్ళాను. చక్రధర్‌గారి గదిలో గవర్రాజుగారు కూడా ఉన్నారు. తెర మీద ఏవో గీతలు పైకీ కిందకీ పోతున్నాయి.

"రండమ్మా, రండి. మీ పాపది తొంభై ఒకటి మార్కుల క్యారేజీ" అన్నారు చక్రధర్‌గారు.

"అది తినడం లేదండీ."

"ఎవరూ తినడం లేదమ్మా. అదే కదా క్రమశిక్షణ!"

"తినకపోతే మరి ఆ పోషకాలు పిల్లలకి ఎలా అందుతాయండీ?"

చక్రధర్‌గారు గవర్రాజుగారి వైపు చూశారు. గవర్రాజుగారు గొంతు సవరించుకున్నారు. "మేడంగారూ, సాంకేతికంగా చూడాలండి. తినేసిన క్యారేజీకి మార్కులు వేయడం వీలవదు కదండి? ఖాళీ డబ్బాలో ఏం చూస్తాం? మార్కులు కావాలంటే ఫుడ్డు ఉండాలి. ఫుడ్డు ఉండాలంటే..."

"తినకూడదు" అని నేనే పూర్తిచేశాను.

"మేడంగారు ఇట్టే పట్టేశారండి" అని గవర్రాజుగారు సంతోషించారు.

"పోనీ, భోజనం బెల్లు ఇంకో గంట పెంచండి."

"పెంచితే లెక్కల పిరియడ్ పోతుందమ్మా" అన్నారు చక్రధర్‌గారు నొచ్చుకుంటూ. "పిల్లల భవిష్యత్తుతో ఆడుకోలేం కదా. మీకు ఇష్టం లేకపోతే టీసీ తీసుకోవచ్చు. మేం ఎవర్నీ బలవంతపెట్టం."

ఆ మాటతో లేచి వచ్చేశాను. విద్యాసంవత్సరం మధ్యలో టీసీ అంటే పిల్లను ఎక్కడ చేర్చాలి? ఊళ్ళో ఉన్న ఇంకో స్కూలు యజమాని ఆ వారమే జపాను వెళ్ళాడు.

నెల తిరిగేసరికి పిల్లల బరువులు తూచి నివేదిక పంపారు. మా పిల్ల ఇరవై ఒకటిన్నర కేజీల నుంచి ఇరవైకి దిగింది. పాఠశాల సగటు కేజీ నాలుగు వందల గ్రాములు తగ్గింది. నివేదిక పైన పెద్ద అక్షరాలతో రాశారు: "స్థూలకాయ నివారణలో అద్భుత ఫలితములు. మాతృమూర్తులకు అభినందనలు."

ఆ రోజు ప్రణుతి గౌను తొడుగుతుంటే నడుం దగ్గర వదులుగా జారింది. పిన్నీసు పెట్టాను.

"ఎంచక్కా వండి పంపుతున్నావు, వాళ్ళు చూసి పంపుతున్నారు" అన్నారు అత్తయ్యగారు వీధరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతూ. "చూట్టానికే అయితే అంత కష్టం దేనికే? నా లక్కపిడతలు పంపు."

నేను అటక వైపు చూశాను. అత్తయ్యగారు నా వైపు చూశారు. చేట కింద పెట్టేశారు.

అత్తయ్యగారి చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు ఏటికొప్పాక నుంచి తెచ్చిన చెక్కబొమ్మల పెట్టె అటక మీద ఉంది. పెళ్ళయి వచ్చేటప్పుడు కూడా వదల్లేదు. లక్కపూత వేసిన పొయ్యి, కుండలు, తిరగలి, వాటితోపాటు కూరగాయలు. పాతగుడ్డ పెట్టి తుడిస్తే టొమాటో ఎర్రగా, బెండకాయ పచ్చగా, నిమ్మపండు పసుప్పచ్చగా తేలాయి. వంకాయ ఉంది చూశారూ, అలాంటి ఊదా రంగు నేను ఏ సంతలోనూ చూడలేదు. తొడిమతో సహా ఉంది. తెలుపు కోసం అడుగున పచ్చి బియ్యం పోశాను. తూకానిక్కూడా సరిపోయింది.

చీటీ మీద రాశాను: నూనె, సున్నా. ఉప్పు, సున్నా. తయారుచేసినవారు, అని ఉన్నచోట అత్తయ్యగారు సంతకం చేశారు. ఆవిడ చాలాకాలం తర్వాత సంతకం చేయడం.

అసలు భోజనం వేరే డబ్బాలో పెట్టి ఆటో వీరబాబుకు అప్పగించాను. వీరబాబు ఎనిమిదిమంది పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్తాడు. సంగతి చెబితే మొదట నోరు వెళ్ళబెట్టాడు.

"బళ్ళో తిననివ్వరాండి? నేన్నిజంగా చదువుకోకపోవడమే మంచిదైందండి బాబూ" అన్నాడు. "మీరేం బెంగెట్టుకోకండి. పొద్దున్న రైసుమిల్లు గోడ పక్కన పావుగంట ఆపుతానండి. పాపగారు సగం అప్పుడు తినేత్తారు. సగం నాలుగింటికి ఎక్కగానే తినేత్తారు. డబ్బా నా సీటు కింద భద్రంగా ఉంటదండి."

ప్రణుతికి మాత్రం నచ్చలేదు. "అమ్మా, ఇది అబద్ధం కదా?" అంది చెక్క వంకాయ వైపు చూస్తూ.

"నువ్వేం చెప్పక్కర్లేదు తల్లీ. ఎవరైనా అడిగితే మాత్రం నిజమే చెప్పు. సరేనా?" అన్నాను.

మూడు వారాలు ఎవరూ అడగలేదు.

మొదటి రోజే నూటికి నూరు. "తాజాదనం అసాధారణం. మెరుపు ప్రశంసనీయం. తల్లి ఈ స్థాయిని నిలబెట్టుకోవలెను" అని గవర్రాజుగారు చీటీ మీద రాశారు. నిలబెట్టుకోవడం ఏమంత కష్టం? రోజూ అదే వంకాయ. నేను పొద్దున్న పెరుగన్నం కలుపుకుంటూ, పాటలు పాడుకుంటూ ఉండేదాన్ని. సీటు కింద డబ్బాలోకి పెరుగన్నం తిరిగి వచ్చింది. కరివేపాకు రెబ్బలు తిరిగి మూత మీదికి వచ్చాయి. పిన్నీసు తీసేశాను.

వీరబాబు ఆటోలోని మిగతా ఏడుగురు తల్లులకు వారంలో తెలిసిపోయింది. వాళ్ళ చెల్లెళ్ళకు, తోడికోడళ్ళకు పక్షంలో తెలిసిపోయింది. లక్కపిడతలు లేనివాళ్ళు ప్లాస్టిక్ కూరగాయలు కొన్నారు. మెయిన్‌రోడ్డు బొమ్మల దుకాణంలో సరుకు అయిపోయి, రాజమండ్రి నుంచి తెప్పించారు. రైసుమిల్లు గోడ పక్కన పొద్దున్న తొమ్మిది ఆటోలు ఆగుతున్నాయి. స్కూలు సగటు అరవై నాలుగు నుంచి తొంభై ఆరుకు ఎక్కింది. "మాతృమూర్తులలో వచ్చిన ఈ గుణాత్మక పరివర్తన"ను మెచ్చుకుంటూ సర్క్యులర్ వచ్చింది. పిల్లల బరువులు మళ్ళీ పెరిగాయి. దానికీ ఒక అభినందన వచ్చింది. తగ్గినప్పుడు స్థూలకాయ నివారణ, పెరిగినప్పుడు పుష్టి.

ఇలాగే జరిగిపోయేది. కానీ చక్రధర్‌గారు అవార్డుకు దరఖాస్తు పెట్టారు.

ఏదో పోషకాహార అవార్డుల కమిటీ, దాని అధ్యక్షులవారు స్వయంగా వచ్చి షీల్డు ఇస్తారని కబురు. స్కూలుకు రంగులు వేశారు. తల్లులందరూ తప్పక హాజరు కావాలన్నారు. వేదిక మీద, అద్దాల పెట్టెలో, ఎర్ర మఖ్మలు గుడ్డ మీద పెట్టిన ఆదర్శ క్యారేజీని మెడ చాచి చూశాను. అది మాదే. పక్కన ప్రణుతి, తలలో కనకాంబరాలు, నుదుటి మీద నక్షత్రం, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. అత్తయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

పదకొండింటికి రావలసిన అధ్యక్షులవారు పన్నెండున్నరకు వచ్చారు. నిండైన మనిషి. స్వాగతోపన్యాసం, జ్యోతి ప్రజ్వలన, పిల్లల కోలాటం, పోషక ప్రతిజ్ఞ. చక్రధర్‌గారు పథకం పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసరికి రెండు దాటింది. అధ్యక్షులవారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు, ఒకసారి పొట్ట నిమురుకున్నారు. చివరికి పక్కకు వంగి ఏదో అడిగారు. మైకు దగ్గరగా ఉండటంతో హాలంతా వినిపించింది.

"భోజనం ఏర్పాటు ఏమైనా...?"

"సిద్ధంగా ఉందండి" అన్నారు చక్రధర్‌గారు. "పరిశీలనలో ఉంది."

"అంటే?"

"మార్కులు వేస్తున్నారండి. అతిథులదైనా నియమం నియమమే కదండి."

అధ్యక్షులవారు నిట్టూర్చి లేచి ఉపన్యాసం మొదలుపెట్టారు. "పోషక భద్రత అనేది బహుముఖీనమైన..." అన్నారు. ఆయన చూపు అద్దాల పెట్టె మీద పడింది. "బహుముఖీనమైన..." అని మళ్ళీ అన్నారు. మూడోసారి ఆ మాట కూడా వదిలేసి, పెట్టె దగ్గరకు నడిచి వెళ్ళి తలుపు తెరిచారు.

"ఇటువంటి వంకాయను చిన్నప్పుడు మా మేనత్త ఇంట్లో చూశాను" అన్నారు.

"అయ్యా, ఏడో నియమం... తాకరాదండి" అన్నారు గవర్రాజుగారు కంగారుగా.

"షీల్డు ఇచ్చేవాణ్ణి నేను. నాకు నియమం ఏమిటయ్యా?" అని వంకాయ తొడిమ పట్టుకుని తీసి, కళ్ళు మూసుకుని, కసుక్కున కొరికారు.

కసుక్కుమనలేదు. ఠక్కుమంది. మైకు దగ్గరే ఉంది కాబట్టి వెనక వరసలో తల్లులక్కూడా వినబడింది.

అధ్యక్షులవారు కళ్ళు తెరిచారు. దవడ పట్టుకున్నారు. వంకాయ వైపు చూశారు. దాని మీద ఒక పంటిగాటు తప్ప ఏమీ లేదు.

"పీచు పదార్థం ఎక్కువండి" అన్నారు చక్రధర్‌గారు.

అధ్యక్షులవారు ఆ మాట పట్టించుకోలేదు. ప్రణుతి ముందు మోకాళ్ళ మీద వంగారు. "ఏంటమ్మా ఇది?"

"వంకాయండి" అంది ప్రణుతి. "చెక్కదండి. మా నాయనమ్మదండి."

"మరి నువ్వు తినేది?"

"ఆటోలో ఉందండి."

"ఆటోలో ఎందుకమ్మా?"

"బళ్ళో తినకూడదు కదండి. తినేస్తే మార్కులు రావు."

ఎవరైనా అడిగితే నిజమే చెప్పమన్నాను. చెప్పింది. టీసీ నా కళ్ళ ముందు ఆడింది. అయినా నా పిల్ల అంతమంది ముందు తడబడకుండా చెప్పినందుకు గర్వపడకుండా ఉండలేకపోయాను. నా పక్కన ఎవరో ముక్కు చీదుకున్నారు. చూస్తే అత్తయ్యగారు.

అధ్యక్షులవారు దవడ రుద్దుకున్నారు. తర్వాత ప్రణుతిని అడిగారు. "ఆటోలో ఏముంది?"

"మునగాకు పప్పండి. బీరకాయ కూరండి. పెరుగన్నమండి."

"పెరుగన్నమా?" అన్నారాయన. ఆ ఒక్క మాటలో ఉన్న ఆకలి, ఆయన చెప్పబోయిన ఉపన్యాసం మొత్తంలో ఉండేది కాదు.

అధ్యక్షులవారు వేదిక దిగారు. వెనక చక్రధర్‌గారు, ఆ వెనక షీల్డు పట్టుకున్న గవర్రాజుగారు, వాళ్ళ వెనక మేమందరం. గేటు బయట మా కోసం ఆగి ఉన్న వీరబాబు సీటు ఎత్తి డబ్బా తీసి ఇచ్చాడు. "సెయ్యి కడుక్కోండయ్యగారూ, అమ్మగారు కోప్పడతారు" అని నీళ్ళ సీసా వంచాడు. అధ్యక్షులవారు ఆటో వెనకసీట్లో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, నొప్పి లేని దవడ వైపు నుంచి పెరుగన్నం తినడం మొదలుపెట్టారు. ప్రణుతి ఎదురుగా నిలబడి ప్రతి ముద్దనూ లెక్కపెడుతున్నట్టు చూసింది. చూసి చూసి, చివరికి అంది:

"నాకు కొంచెం ఉంచండి. అది నా నాలుగు గంటలదండి."

ఆయన చెయ్యి ఆగిపోయింది. డబ్బా ఆ పిల్ల చేతిలో పెట్టేశారు. అక్కడే, ఆటో మడ్‌గార్డు మీద కూర్చుని, మూడు వందల ఎనభై అయిదు మంది పిల్లలు కిటికీల్లోంచి చూస్తుండగా, నా కూతురు భోజనం చేసింది. స్కూలు సరిహద్దుల్లో ఒక విద్యార్థిని అన్నం తినడం దాదాపు రెండు నెలల తర్వాత అదే మొదలు. గేటుకు అడుగు బయట అనుకోండి.

షీల్డు ఇచ్చేశారు. పేరు చెక్కించేశారు కాబట్టి వెనక్కి తీసుకెళ్ళడం కుదరదట. టీసీ మాట ఎవరూ ఎత్తలేదు. ఆదివారం సాయంత్రం సర్క్యులర్ వచ్చింది.

"ఆహారమును భుజించుట ద్వారా అందలి పోషకములు శరీరమునకు చేరునని మా పాఠశాల జరిపిన క్షేత్రస్థాయి పరిశోధనలో వెల్లడి అయినది. దేశములోనే ప్రప్రథమముగా, సోమవారము నుండి భోజన విరామమందు విద్యార్థులు భోజనము చేయుటకు ప్రయోగాత్మకముగా అనుమతించబడుచున్నారు."

నేను గట్టిగా చదివి వినిపించాను. "ఎంత బాగా కనిపెట్టాడే!" అన్నారు అత్తయ్యగారు.

సోమవారం సాయంత్రం నేను మా ఇంటి గేటు దగ్గరే నిలబడ్డాను. ఆటో వచ్చింది. ప్రణుతి దిగి పరుగెత్తుతుంటే, సంచీలో చెంచా డబ్బాకు తగిలి గలగలమంటోంది. ఆ చప్పుడు విని ఎన్ని రోజులైందో. వంటింటి గట్టు మీద పెట్టి మూత తీశాను. అడుగు మెరుస్తోంది. మూతకు ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు కరివేపాకు రెబ్బలు. నాకు నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు.

ఫోను మోగింది. సర్క్యులర్.

"మళ్ళీ ఏవంటాడు?" అన్నారు అత్తయ్యగారు.

"రేపట్నుంచి ఖాళీ క్యారేజీలకి మార్కులటండి. ఆటల పిరియడ్లో చూస్తారట. కరివేపాకు మిగిలితే ఒక్కో రెబ్బకీ అయిదు మార్కులు కోత. ఈ రోజువి ఇంట్లో ఉంటే, నమూనా కోసం రేపు కడగకుండా పంపమన్నారు."

అత్తయ్యగారు అటక వైపు చూశారు. ప్రణుతి బిక్కమొహం వేసుకుని మూత వైపు చూసింది.

నేను ఆ నాలుగు రెబ్బలూ మూత మీంచి ఒలిచి, నోట్లో వేసుకుని నమిలి మింగేశాను.

"ఆడుకో పో" అన్నాను పిల్లతో.